కదలని ర్యామ్ ప్యాక్

అరచేతిలో పట్టే ఆకుపచ్చ బోర్డు అది. దాని మీద 28 కాళ్ల ర్యామ్ చిప్ ఒకటి, 14 కాళ్ల లాజిక్ చిప్‌లు రెండు, ఒక డయోడ్, చిప్‌కొకటి చొప్పున చిన్న కెపాసిటర్లు, ముందువైపు పొడవాటి కనెక్టర్ ఉంటాయి. అంతకు మించి ఏమీ ఉండదు. సింక్లెయిర్ జెడ్‌ఎక్స్81 అనే ఇంటి కంప్యూటర్ వెనకాల తగిలించే మెమరీ కార్ట్రిడ్జ్ ఇది. ఆ కంప్యూటర్ అమ్మకానికి వచ్చింది 1981 మార్చిలో. దాని తయారీ ఆగిపోయి నలభై ఏళ్లు దాటింది. అయినా ఇంగ్లండ్‌లో, జర్మనీలో, అమెరికాలో, బ్రెజిల్‌లో కొందరు ఔత్సాహికులు ఉద్యోగాల నుంచి ఇంటికొచ్చాక బల్ల ముందు కూర్చుని దీనికి కొత్త మెమరీ కడుతున్నారు. గీసిన సర్క్యూట్ పటాలు దాచుకోకుండా ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు.

32 కిలోబైట్ల మెమరీ ఇవాళ ఎవరికీ వింత కాదు. సెల్‌ఫోన్‌లో ఒక చిన్న ఫొటో దానికన్నా ఎక్కువ చోటు తింటుంది. నన్ను కట్టిపడేసింది ఆ బోర్డు మీది పొందిక. ఆనాటి యంత్రం తన సొంత అవయవమే అనుకునేలా ఈనాటి చిప్‌ని అమర్చడంలో ఎంత ఆలోచన దాగుందో పైకి చూస్తే తెలియదు. ఒక్కో తీగ ఎందుకు అక్కడికే వెళ్లిందో అడుగుతూ పోతే, పనిమంతుడి మనసు కొద్దికొద్దిగా బయటపడుతుంది. ఆ తీగల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆ కంప్యూటర్ ఎంత పేదదో తెలియాలి. జెడ్‌ఎక్స్81ను విడిభాగాల కిట్‌గా కొంటే 49.95 పౌండ్లు, కట్టినది కొంటే 69.95 పౌండ్లు. లోపల జెడ్80ఏ ప్రాసెసర్, 8 కిలోబైట్ల రోమ్, యూఎల్‌ఏ అనే ప్రత్యేక చిప్, ఒక కిలోబైట్ ర్యామ్. చూపించడానికి ఇంట్లోని టీవీ, దాచుకోవడానికి ఇంట్లోని క్యాసెట్ రికార్డర్. ఇంత చవగ్గా రావడం వల్లే అది పదిహేను లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఆ ఒక్క కిలోబైట్ లెక్క వేద్దాం. మొత్తం 1,024 బైట్లు. అందులో 125 బైట్లు కంప్యూటర్ తన సొంత లెక్కల కోసం తీసేసుకుంటుంది. తెర మీద వరుసకు 32 అక్షరాలు, మొత్తం 24 వరుసలు. తెర నిండా రాస్తే, వరుస చివరి గుర్తులతో కలిపి 793 బైట్లు పోతాయి. మిగిలేది 106. ఇప్పటి యూటీఎఫ్-8 పద్ధతిలో 'గన్నవరం' అని రాయడానికి 21 బైట్లు కావాలి. అంటే ఆ మిగిలిన చోట్లో మా ఊరి పేరు అయిదుసార్లు రాస్తే సరి, ఇక ప్రోగ్రాముకు చోటు లేదు. అందుకే మెమరీ తక్కువగా ఉన్నప్పుడు రోమ్ తెరని ముడిచిపెట్టి, ఖాళీ వరుసలకు ఒక్కో బైటు మాత్రమే కేటాయించేది. ఆ ఇరుకులోనే డేవిడ్ హార్న్ 672 బైట్లలో చదరంగం ఆడే ప్రోగ్రాము రాశాడు. 1983లో 'యువర్ కంప్యూటర్' పత్రిక దాన్ని అచ్చువేసింది. అలాంటి మేధావులకు ఒక కిలోబైట్ చాలిందేమో గాని, మిగిలినవాళ్లకు మెమరీ కొనక తప్పలేదు.

కంపెనీ అమ్మిన 16 కిలోబైట్ల ర్యామ్ ప్యాక్ ధర మొదట్లో 49.95 పౌండ్లు. కంప్యూటర్ కిట్ ఎంతో, దాని మెమరీ అంత. అందులో 4116 అనే చిప్‌లు ఎనిమిది ఉండేవి. అవి డైనమిక్ ర్యామ్. అంటే ఒక్కో బిట్టును ఒక సూక్ష్మమైన కెపాసిటర్‌లో విద్యుదావేశంగా దాస్తాయి. 1960ల్లో ఐబీఎంలో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టిన పద్ధతి ఇది. చిల్లుకుండలో నీళ్లలా ఆ ఆవేశం కారిపోతూనే ఉంటుంది. చిప్‌లోని 128 వరుసల్నీ రెండు మిల్లీసెకన్లకు ఒకసారి చదివి తిరిగి నింపుతూ ఉండాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. జెడ్80 ప్రాసెసర్ ఈ పని తనే నెత్తిన వేసుకుంది. ఒక్కో ఆదేశం తెచ్చుకోగానే, దాన్ని అర్థం చేసుకునే వ్యవధిలో ఒక వరుస నంబరు బయటికి పంపి, రిఫ్రెష్ తీగను కిందికి లాగుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కథ తర్వాత ఇక్కడికే వస్తుంది.

పైగా ఆ 4116 చిప్‌లకు మూడు రకాల కరెంటు కావాలి. +12, +5, −5 వోల్టులు. కాబట్టి ప్యాక్ లోపల వోల్టేజీ మార్చే చిన్న సర్క్యూట్ ఒకటి అదనం. ఎనిమిది చిప్‌లు, ఆ సర్క్యూట్, అన్నీ ఒక నల్ల ప్లాస్టిక్ పెట్టెలో. ఆ పెట్టెని కంప్యూటర్ వెనకాల అంచుకు తగిలిస్తే అది కింద ఆసరా లేకుండా వేలాడేది. జెడ్‌ఎక్స్81 బరువు 350 గ్రాములు. కీబోర్డు రేకులాంటి పొర, గట్టిగా నొక్కితే గాని పలకదు. నొక్కినప్పుడల్లా కంప్యూటర్ కదులుతుంది, వెనకాల ప్యాక్ ఊగుతుంది, కనెక్టర్‌లో ఒక పిన్ను ఒక్క లిప్త వదులవుతుంది. అంతే, తెర గీతలు గీతలుగా విరిగిపోతుంది, టైపు చేసిందంతా పోతుంది. టేపు మీంచి 16 కిలోబైట్ల ప్రోగ్రాము ఎక్కించడానికి ఆరేడు నిమిషాలు పట్టేది. అది ఎక్కాక ఇలా జరిగితే పిల్లలకు ఏడుపొక్కటే తక్కువ. ప్యాక్ కదలకుండా దాని కింద గోడకు బొమ్మలు అంటించే జిగురుముద్దలు కుక్కినవాళ్లు, వెల్‌క్రో పట్టీలు కట్టినవాళ్లు ఊరూరా ఉండేవాళ్లు. ర్యామ్ ప్యాక్ ఊగులాట అంటే ఆ తరం వాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు కొత్త బోర్డు దగ్గరికి వద్దాం.

దీని మీది ర్యామ్ చిప్ పేరు 62256. స్టాటిక్ ర్యామ్. ఇందులో బిట్టు కారిపోదు, కరెంటు ఉన్నంతసేపూ ఉంటుంది. ఒకే చిప్‌లో 32 కిలోబైట్లు, ఒకే 5 వోల్టుల కరెంటు. ఎనిమిది చిప్‌ల పనీ, వోల్టేజీ మార్చే సర్క్యూట్ పనీ ఒక్క దెబ్బతో పోయాయి. బరువు పోయింది, వేడి పోయింది. ఇక్కడిదాకా కాలం చేసిన మేలు. కట్టేవాడి నేర్పు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ప్రాసెసర్‌కి 16 అడ్రస్ తీగలుంటాయి, ఏ0 నుంచి ఏ15 దాకా. వాటితో 65,536 గదుల్ని పేరుపెట్టి పిలవవచ్చు. మొదటి 16 వేల పైచిలుకు గదులు రోమ్‌కి కేటాయించినవి. ర్యామ్ 16384వ గదిలో మొదలవాలి. 32 కిలోబైట్లు అంటే 49151 దాకా. ఆ పైన మిగిలిన పావు భాగం మాట ఏమిటి? ఇక్కడే జెడ్‌ఎక్స్81లోని విచిత్రం ఉంది. ఈ యంత్రానికి వేరే వీడియో చిప్ లేదు. తెర మీద అక్షరాలు చూపించేది ప్రాసెసరే. తెర మీది అక్షరాలున్న మెమరీని అది ప్రోగ్రాములా 'నడుపుతుంది'. అసలు చిరునామాకు 32768 కలిపి, పై అంతస్తులో ఆ మెమరీ నీడను చదువుతుంది. ఏ15 తీగ పైకి లేవడం చూసి యూఎల్‌ఏ మేలుకుంటుంది. వచ్చిన అక్షరాన్ని తను పట్టుకుని, ప్రాసెసర్‌కి 'ఏమీ చేయకు' అనే ఆదేశం అందిస్తుంది. వరుస చివరి గుర్తుని మాత్రం అలాగే వదిలేస్తుంది. ఆ గుర్తు సంఖ్య 118. జెడ్80 భాషలో 118 అంటే 'ఆగు'. వరుస అయిపోగానే ప్రాసెసర్ ఆగుతుంది, తర్వాతి వరుస మొదలయ్యే వేళకు దాన్ని మళ్లీ లేపుతారు. ఇంత తక్కువ సరుకుతో తెర నడిపించిన ఆ 1981 నాటి ఇంజనీర్లకు చేతులెత్తి మొక్కాలి.

కాబట్టి కొత్త మెమరీ తన అసలు చోటులో కనిపిస్తే చాలదు. పై అంతస్తులో నీడగానూ కనిపించాలి. తెలియనివాడు దీనికోసం పెద్ద లాజిక్ కడతాడు. తెలిసినవాడు రెండు తీగలు చూస్తాడు: ఏ14, ఏ15. రెండూ కింద ఉంటే అది రోమ్ చోటు, ర్యామ్ నోరు మెదపకూడదు. రెంటిలో ఏ ఒక్కటి పైకి లేచినా ర్యామ్ పలకాలి. అంటే ఒక్క 'ఆర్' గేటు. ఇక ఏ14 తీగని నేరుగా చిప్ తాలూకు ఏ14 కాలికే కలిపేస్తే, 16384 నుంచి 32767 దాకా ఉన్న గదులే 49152 నుంచి పైన నీడగా వాటంతటవే ప్రత్యక్షమవుతాయి. నీడ కోసం విడిగా ఏమీ చేయలేదు. ఏ14 తీగ రెండు చోట్లా పైనే ఉంటుంది కాబట్టి చిప్‌కి రెండూ ఒకే చిరునామా. ఈ సర్క్యూట్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. యంత్రం అడిగిన వింత కోరికని, అడిగినట్టే ఇవ్వకుండా, దానికదే తీరేలా అమర్చడం.

అయితే ఇందులో ఒక చిక్కుంది. రోమ్‌ని ఎంచుకోవడానికి యంత్రం ఏ14 తీగనే చూస్తుంది, ఏ15 జోలికి పోదు. అందువల్ల 32768 నుంచి 49151 దాకా రోమ్ కూడా తన నీడని పరిచి కూర్చుంది. అక్కడ కొత్త ర్యామ్ పెడితే ఒకే ప్రశ్నకు ఇద్దరు ఒకేసారి జవాబు చెబుతారు. ఆ గొడవ తీర్చడానికి 1981 ఇంజనీర్లు ఒక వెసులుబాటు ఉంచారు. రోమ్‌ని పిలిచే తీగ యూఎల్‌ఏ నుంచి ఒక రెసిస్టర్ గుండా వస్తుంది, కనెక్టర్ చిట్టచివరి స్థానంలో బయటికి కనిపిస్తుంది. బయటి బోర్డు దాన్ని బలంగా పైకి లాగితే రోమ్ తప్పుకుంటుంది. ఏ15 తీగని నేరుగా అక్కడ కలిపేసి 'పనిచేసింది' అనుకునేవాళ్లున్నారు. పాత జెడ్80 తీగలకు అంత బరువు లాగే శక్తి తక్కువ. మంచి పనివాడు దాన్ని లాజిక్ చిప్‌లో మిగిలిపోయిన ఒక గేటు గుండా పంపి బలం చేకూరుస్తాడు, ఆ తర్వాత ఒక డయోడ్ దాటిస్తాడు. డయోడ్ ఎందుకంటే, ఏ15 కిందికి దిగినప్పుడు మన బోర్డు ఆ తీగని వదిలేయాలి. అప్పుడు యూఎల్‌ఏ తన పని చేసుకోగలదు, వెనకాల తగిలించిన మరో పరికరమూ చేసుకోగలదు. లోపలి పాత ఒక కిలోబైట్ ర్యామ్‌ని ఆపే తీగ రెండో స్థానంలో ఉంది. దాన్ని 5 వోల్టులకు కట్టేస్తే సరిపోతుంది.

ఇక రిఫ్రెష్ తీగ.

స్టాటిక్ ర్యామ్‌కి రిఫ్రెష్ అక్కర్లేదు కదా, ఆ తీగతో పనేమిటి అనిపిస్తుంది. చాలామంది దాన్ని వదిలేశారు. వదిలేసినా 16 కిలోబైట్ల ఆటలు, మాల్కమ్ ఎవాన్స్ రాసిన ప్రసిద్ధమైన '3డీ మాన్‌స్టర్ మేజ్'తో సహా, హాయిగా నడుస్తాయి. కాని జెడ్‌ఎక్స్81 తెర మీద అక్షరాల ఆకారాలు వచ్చేది సరిగ్గా ఆ రిఫ్రెష్ వేళలోనే. ప్రాసెసర్‌లోని ఐ అనే రిజిస్టర్, ఆర్ అనే రిజిస్టర్ కలిసి ఆ క్షణంలో ఒక చిరునామా బయట పెడతాయి. మామూలుగా ఐ రిజిస్టర్ రోమ్‌లోని అక్షరాల అచ్చుల వైపు చూపిస్తుంది, కింది భాగాన్ని యూఎల్‌ఏ పూరిస్తుంది, రోమ్ ఎనిమిది చుక్కలు ఇస్తుంది, అవి టీవీకి పోతాయి. ఒకవేళ ఐ రిజిస్టర్‌ని ర్యామ్ వైపు తిప్పితే? ఆర్ రిజిస్టర్ ఒక్కో ఆదేశానికీ ఒకటి చొప్పున పెరుగుతూ పోతుంది కాబట్టి, ర్యామ్‌లో వరసగా పేర్చిన చుక్కలు వరసగా తెర మీదికి వస్తాయి. ఔత్సాహికులు దీనికి డబ్ల్యూఆర్‌ఎక్స్ అని పేరు పెట్టుకున్నారు. అడ్డంగా 64, నిలువుగా 48 గడుల మొద్దు బొమ్మలు తప్ప ఎరగని యంత్రం, 256 అడ్డం, 192 నిలువు చుక్కల బొమ్మ గీస్తుంది. దానికి కావలసింది 6,144 బైట్ల చోటు, ఒక చిన్న ప్రోగ్రాము, రిఫ్రెష్ వేళలో కూడా నోరు విప్పి జవాబు చెప్పే మెమరీ. కంపెనీ అమ్మిన డైనమిక్ ప్యాక్ ఆ వేళలో తనని తాను నింపుకునే పనిలో ఉండి జవాబు చెప్పదు. కాబట్టి ఈ శక్తి 1981 నుంచీ యంత్రంలో ఉన్నా పాత ప్యాక్‌తో బయటపడే దారి లేదు.

కొత్త చిప్‌తో దాన్ని సాధించడానికి ఒక అడ్డదారి ఉంది. చిప్ జవాబిచ్చే కాలిని శాశ్వతంగా నేలకు కట్టేయడం. అప్పుడు చదివే తీగ ఊసే అక్కర్లేదు, రిఫ్రెష్ వేళలోనూ పలుకుతుంది. చాలా బోర్డులు ఇలా నడుస్తున్నాయి కూడా. కాని జెడ్80 రాసే పద్ధతిని నిదానంగా చూడండి. అది ముందు మెమరీని పిలుస్తుంది, తను రాయదలచిన బైటును తీగల మీద పెడుతుంది, సుమారు ఒక టిక్కు తర్వాత గాని 'రాయి' అనదు. 3.25 మెగాహెర్ట్జ్ వేగంలో టిక్కంటే దాదాపు 308 నానోసెకన్లు. ఆ వ్యవధిలో చిప్ ఇంకా పాత బైటునే బయటికి చెబుతూ ఉంటుంది. ప్రాసెసర్ ఒకటి అంటే చిప్ ఇంకొకటి అంటుంది. ప్రోగ్రాము చెడిపోదు, తెర మీద ఏమీ కనపడదు. కాని రాసిన ప్రతిసారీ రెండు చిప్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, నలభై ఏళ్ల ప్రాసెసర్ అరుగుతుంది. శ్రద్ధ గల పనివాడు చదివే తీగనీ రిఫ్రెష్ తీగనీ కలిపి, రెంటిలో ఏది కిందికి దిగినా చిప్ జవాబిచ్చేలా కడతాడు. దీనికి 74హెచ్‌సీటీ00 చిప్‌లోని రెండు గేట్లు పడతాయి. మెమరీని ఎంచుకోవడానికి మరో రెండు. మొత్తం నాలుగు, ఆ చిప్‌లో ఉన్నవీ నాలుగే. ఎవరూ చూడని తోపులాటని ఆపడానికి ఇంత ఆలోచించడాన్నే నేను పనితనం అంటాను.

చిప్ పేరులోని 'టీ' అక్షరం కూడా అలంకారం కాదు. హెచ్‌సీ రకం చిప్‌లకు 5 వోల్టుల మీద 'ఒకటి' అని తెలియాలంటే దాదాపు 3.5 వోల్టులు రావాలి. పాత ఎన్‌మాస్ జెడ్80 పూచీ పడేది 2.4 వోల్టులకే. హెచ్‌సీ పెడితే ఒక యంత్రం మీద నడుస్తుంది, ఇంకో యంత్రం మీద వేడెక్కాక మొండికేస్తుంది. హెచ్‌సీటీ రకం 2 వోల్టులకే ఒప్పుకుంటుంది. ఒక్క అక్షరం తేడాతో నమ్మకమైన బోర్డు, నమ్మలేని బోర్డు వేరైపోతాయి. వేగం కోసం మరీ పదునైన చిప్‌లు వాడినా తంటానే. 1981 నాటి సన్నని తీగల మీద అవి గోల పుట్టిస్తాయి. చిప్‌కి పక్కనే, అంటిపెట్టుకున్నట్టు, ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండేదీ ఆ గోలని అక్కడికక్కడే మింగడానికి.

ఇక అసలు జబ్బు ఊగులాట. దానికి మందు కనెక్టర్‌లో ఉంది. జెడ్‌ఎక్స్81 వెనకాల కనిపించేది నిజానికి ప్రత్యేకమైన సాకెట్టు కాదు, లోపలి బోర్డు అంచే. పైన 23, కింద 23 స్థానాల్లో రాగి పట్టీలు, మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. మూడో స్థానంలో పట్టీ బదులు ఒక గాడి. కిందివైపు మొదటి పట్టీ 5 వోల్టులు, రెండోది 9 వోల్టులు. పక్కపక్కనే. కార్ట్రిడ్జ్ ఒక్క గడి పక్కకు జరిగితే 9 వోల్టులు 5 వోల్టుల దారిలో పడి, చిప్‌లన్నీ ఒక్కసారిగా పోతాయి. ఆ గాడిలో దిగే చిన్న పలక, అంటే కీ, ఒక్కటే కాపలా. 23 స్థానాల కనెక్టర్ అన్నిచోట్లా దొరకదు. పొడవైన కనెక్టర్ తెచ్చి, రంపంతో కోసి, కోసిన అంచు ఆకురాయితో నున్నగా చేసి, మూడో స్థానంలో పిన్నులు రెండూ పీకేసి, అక్కడ సర్క్యూట్ బోర్డు ముక్కని సరిగ్గా తొడిగి అతికిస్తారు. పలక మందమైతే గాడిలో దిగదు. పలచనైతే కాపలా కాయదు. మంచి కార్ట్రిడ్జ్‌ని తగిలించేటప్పుడు ఆ పలక గాడిలోకి జారడం చేతికి తెలుస్తుంది.

పాత యంత్రాల అంచు మీది పూత తగరం, సీసం కలిసిన టంకం. ఏళ్ల తరబడి గాలికి నల్లబడుతుంది. ప్యాక్ ఊగిన ప్రతిసారీ ఆ పూత గీసుకుపోయి పొడి రాలుతుంది, ఆ పొడే మళ్లీ కరెంటుకు అడ్డుపడుతుంది. అందుకని అనుభవజ్ఞులు కార్ట్రిడ్జ్ కట్టే ముందే యంత్రం అంచుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి శుభ్రం చేస్తారు. ఆ తర్వాతి నిర్ణయం ఎత్తు గురించి. బోర్డు ఎంత కిందికి, ఎంత కంప్యూటర్ దగ్గరికి ఉంటే ఊగే బలం అంత తక్కువ. కొందరు త్రీడీ ప్రింటర్‌తో పెట్టె అచ్చుపోసి, దాని అడుగు కంప్యూటర్ అడుగుతో సమంగా బల్ల మీద ఆనేలా చేస్తారు. ఆనిన వస్తువు ఊగదు. కంపెనీ ఆ రోజుల్లోనే చేయదగిన పని ఇది. వెనకవైపు ఇంకో 23 స్థానాల అంచుని బంగారు పూతతో వదిలేవాళ్లూ ఉన్నారు, ప్రింటరు లాంటిది ఏదైనా తగిలించుకోవచ్చని.

తయారైన బోర్డుని మొదట పరీక్షించేది ఆ యంత్రమే. కరెంటు ఇవ్వగానే రోమ్ 32767వ గది నుంచి కిందికి వస్తూ ప్రతి గదిలో 2 అని రాస్తుంది. తర్వాత కింది నుంచి పైకి పోతూ ఒక్కో గదిలోంచి రెండుసార్లు ఒకటి తీసేస్తుంది. మొదటిసారి తీసినప్పుడు సున్నా రాకూడదు, రెండోసారి రావాలి. ఎక్కడ లెక్క తప్పిందో అక్కడితో మెమరీ అయిపోయిందని నిర్ణయించుకుంటుంది. ఆ తర్వాతే తెర కింద ఎడమ మూల నల్లటి గడిలో 'కే' అక్షరం వెలుగుతుంది. 16388, 16389 గదుల్లోని సంఖ్య చదివితే ఒక కిలోబైట్ యంత్రంలో 17408 ఉంటుంది, మన బోర్డు తగిలించాక 32768 కనిపించాలి. రోమ్ అంతకు పైన లెక్కపెట్టదు. ఆ పై 16 కిలోబైట్లు వాడుకోవాలంటే ఆ సంఖ్యని మనమే మార్చి చెప్పాలి. అక్కడ సమాచారం దాచుకోవచ్చు గాని మెషీన్ కోడ్ నడపలేం. ఏ15 పైకి లేస్తే యూఎల్‌ఏ తెర పని అనుకుంటుంది కదా! దీన్ని సరిచేయాలంటే యంత్రం లోపల చిన్న మార్పు కావాలి. ఈ పరిమితిని దాచకుండా బోర్డుతో పాటు కాగితం మీద రాసి ఇచ్చేవాళ్లంటే నాకు గౌరవం.

కార్ట్రిడ్జ్ అక్కర్లేదు, పెట్టె విప్పి లోపలి చిప్ తీసి అదే చోట కొత్త చిప్ టంకం వేస్తే పోతుంది అనేవాళ్లూ ఉన్నారు. పని చేస్తుంది. ఊగులాట సమస్యే ఉండదు. కాని నలభై ఏళ్ల బోర్డు మీది రాగి పట్టీలు వేడికి ఊడి వస్తాయి, ఒకసారి ఊడితే ఆ యంత్రం మునుపటిది కాదు. బయట తగిలించేది ఎప్పుడంటే అప్పుడు తీసేయవచ్చు. నా ఓటు బయటి కార్ట్రిడ్జ్‌కే. ఈ మధ్య మైక్రోకంట్రోలర్ ఒకటి పెట్టి దానిచేతే ర్యామ్‌లా నటింపజేసే బోర్డులు వస్తున్నాయి. జెడ్‌ఎక్స్‌ప్యాండ్ అనే కార్ట్రిడ్జ్ 32 కిలోబైట్ల ర్యామ్‌తో పాటు మెమరీ కార్డు కూడా కలిపి, క్యాసెట్ బాధ తప్పించింది. అవీ గొప్ప పనులే. అయితే గేట్లన్నీ కంటికి కనిపించే ఈ చిన్న బోర్డులో, చూసి నేర్చుకునేందుకు దాచిందేమీ లేదు.

మన దేశానికి ఆ కాలపు చిన్న కంప్యూటర్లు కొత్తవేం కావు. జెడ్‌ఎక్స్81 తర్వాత వచ్చిన స్పెక్ట్రమ్‌లో ప్లస్ రకాన్ని డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో ఇక్కడ అమ్మింది. అంతకు రెండేళ్ల ముందు, 1984లో, పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద మన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. గన్నవరం విమానాశ్రయం పక్కన కేసరపల్లిలో ప్రాంగణం కట్టుకున్న హెచ్‌సీఎల్ కూడా 1970ల్లో మైక్రోకంప్యూటర్లు కట్టిన సంస్థే. ఆ యంత్రాలు ఎన్నో పాత సామాన్ల కొట్లకు పోయి ఉంటాయి. జెడ్80 సంగతే చూడండి. 1976లో వచ్చిన ఆ చిప్‌కి చివరి ఆర్డర్లు 2024 జూన్ 14 దాకానే తీసుకుంటామని జైలాగ్ కంపెనీ ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్రకటించింది.

అందుకే ఈ మాట ముఖ్యంగా మన ఇంజనీరింగ్ కళాశాలల్లో, పాలిటెక్నిక్‌లలో ఈసీఈ చదివే పిల్లలకు. మీరు ల్యాబులో 8085 కిట్ మీద చేసే మెమరీ ఇంటర్‌ఫేసింగ్ పాఠం ఇదే. జెడ్80 కూడా ఇంటెల్ 8080 సంతతిదే, తీగల ఏర్పాటు మాత్రం కొంత వేరు. ఈసారి మినీ ప్రాజెక్టుకి కట్టినది కొనకండి. 62256 ఒకటి, 74హెచ్‌సీటీ32 ఒకటి, 74హెచ్‌సీటీ00 ఒకటి తెచ్చుకుని ముందు కాగితం మీద, తర్వాత బ్రెడ్‌బోర్డు మీద ఈ సర్క్యూట్ కట్టండి. జెడ్‌ఎక్స్81 దొరక్కపోయినా ఫర్వాలేదు. దాని ముందుతరమైన జెడ్‌ఎక్స్80లో యూఎల్‌ఏ లేదు, అంతా బజారులో దొరికే మామూలు లాజిక్ చిప్‌లే, కాబట్టి దాన్ని మొదటి నుంచీ సొంతంగా కట్టుకున్నవాళ్లు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. బోర్డు అసలు యంత్రానికి తగిలించే రోజు వస్తే మాత్రం, మూడో స్థానంలో కీ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోకుండా కరెంటు ఇవ్వకండి. కరెంటు ఉండగా కార్ట్రిడ్జ్ పెట్టడం గాని తీయడం గాని ఎప్పుడూ చేయకండి.